పాత లారీ కేబిన్‌లో చప్పుడు తగ్గించి ఏసీ బిగించడం: విశాఖ ఉక్కపోతకు తగ్గ పద్ధతి

పాత లారీకి ఏసీ పెట్టించాలనుకునేవాళ్లు ముందుగా కంప్రెసర్ గురించి అడుగుతారు. విశాఖపట్నంలో ముందు చూడాల్సింది కేబిన్‌లోకి బయటి గాలి ఎన్ని దారుల్లో దూరుతోందో. ఇక్కడ ఎండ కంటే ఉక్కపోతతోనే ఎక్కువ పేచీ. 33 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం ఒక ఘనపు మీటరు గాలిలో దాదాపు 27 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. కూలింగ్ కాయిల్ దాటి 12 డిగ్రీలకు చల్లబడిన గాలి మోయగలిగేది 10 గ్రాముల పైచిలుకే. మిగతాదంతా కాయిల్ మీద నీళ్లుగా మారాల్సిందే. పెడల్ కన్నాలు, గేర్ రాడ్డు చుట్టూ ఖాళీ, తలుపు బీడింగ్ సందులు కలిసి గంటకు 100 ఘనపు మీటర్ల గాలిని లోపలికి వదిలితే కాయిల్ గంటకు లీటరున్నర నీళ్లు పిండాలి. ఆ ఒక్క పనికే ఒక కిలోవాటు చల్లదనం ఖర్చయిపోతుంది. 4 కిలోవాట్లని పెట్టె మీద రాసి ఉన్న యూనిట్‌లో నాలుగో వంతు, కేబిన్ ఇంకా చల్లబడకముందే పోయిందన్నమాట.

అందుకే చప్పుడు ఆపే పని, ఏసీ పని వేరువేరుగా చేయించకూడదు. చప్పుడు వచ్చే దారిలోనే ఉక్కా వస్తుంది, ఇంజన్ సెగా వస్తుంది. ఒకసారి కేబిన్ విప్పినప్పుడే రెండూ పూర్తి చేసుకోవాలి.

ఇక్కడ చెప్పేది 1954లో జంషెడ్‌పూర్‌లో మొదలైన టాటా మెర్సిడెస్ బెంజ్ లారీలు, 1969లో ఆ ఒప్పందం ముగిశాక టాటా సొంత గుర్తుతో వచ్చినవి, అశోక్ లేలాండ్ కామెట్, 1986 నాటి తొలి టాటా 407 వంటి బండ్లకు సరిపోతుంది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతుల (మొత్తం బరువు 3.5 టన్నులు దాటిన) సరుకు లారీల కేబిన్‌కు ఏసీ తప్పనిసరి అయింది. పాత బండ్లకు ఆ నిబంధన వర్తించదు. అయితే ఆర్‌సీలో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. కేబిన్ కొలతలు, సీట్ల సంఖ్య కదపకుండా డ్యాష్‌బోర్డు కింద పట్టే యూనిట్ ఎంచుకోవడం మంచిది. పైకప్పు మీద యూనిట్ పెట్టి ఎత్తు పెంచాలనుకుంటే ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

రేకు సంగతి ముందు

సీట్లు, మ్యాటు, తలుపు ప్యానెళ్లు, పైకప్పు లైనింగ్ అన్నీ విప్పేయండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లో పాత కేబిన్ తుప్పు పట్టే చోట్లు దాదాపు ప్రతి బండిలోనూ ఒకటే: ముందు అద్దం కింది మూలలు, ఫుట్‌బోర్డుకు పైనున్న నేల అంచు, తలుపు అడుగు మడత, బ్యాటరీకి దగ్గరగా ఉన్న రేకు. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి. దిగబడిన చోట లప్పం పూసి సరిపెట్టుకుంటే, పైన చప్పుడు ఆపే షీటు అతికించాక లోపల తుప్పు ఎవరికీ కనబడకుండా పాకుతుంది. ఆ ముక్క కోసి 18 గేజ్ రేకు వెల్డింగ్ చేయించాలి. అడుగున బరువు మోసే చోట 16 గేజ్ వేయించండి.

మిగిలిన తుప్పు వైర్ బ్రష్‌తో గీకి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ పూసి, డబ్బా మీద చెప్పినట్టు కడిగి పూర్తిగా ఆరబెట్టండి. తర్వాత ఎపాక్సీ ప్రైమర్ రెండు కోటింగులు. వెల్డింగ్ అతుకుల మీద పాలీయురేథేన్ సీలెంట్. ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. తేమ ఎక్కువగా ఉన్నప్పుడు చల్లటి రేకు మీద కంటికి కనబడని చెమ్మ పడుతుంది, దాని మీద వేసిన ప్రైమర్ కొన్నాళ్లకు పొక్కులొస్తుంది. పొడి గాలి వీచే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు ఇలాంటి పనికి మంచి కాలం.

ఇంకో సంగతి. అప్పట్లో చాలా లారీలు కంపెనీ నుంచి చాసిస్, కౌల్ (ముందు అద్దం కింది ముఖభాగం) వరకే వచ్చేవి. కేబిన్‌ను బాడీ బిల్డర్లు కర్ర ఫ్రేము మీద రేకు కొట్టి కట్టేవారు. మీది అలాంటిదైతే ముందు ఫ్రేము మరలన్నీ బిగించండి, ఊగే జాయింట్లకు ఇనుప యాంగిల్ ముక్కలు వేయించండి. కిర్రుమనే కర్రను ఏ షీటూ ఆపలేదు. చెమ్మగా ఉన్న కర్ర మీద రేకు పొర ఉన్న షీటు అతికిస్తే లోపల పుచ్చిపోతుంది కాబట్టి, కర్ర భాగాలకు ఆరాక వార్నిష్ వేసి వదిలేయండి, షీటు రేకుకు మాత్రమే.

షీటు అతికించే ముందే కన్నాలన్నీ వేసుకోవాలి: లోపలి యూనిట్ బ్రాకెట్ బోల్టులకు, రెండు హోస్‌లకు, నీళ్ల గొట్టాలకు, వైర్లకు. షీటు వేశాక డ్రిల్ పెడితే దాని బ్యుటైల్ (మెత్తటి రబ్బరు) జిగురు బిట్‌కు చుట్టుకుని చిరిగిపోతుంది. కోసిన అంచు ప్రైమర్ లేకుండా మిగిలిపోయి మళ్లీ అక్కడే తుప్పు మొదలవుతుంది.

సందులు మూయడం

రాత్రిపూట కేబిన్ తలుపులు వేసి, ఇంజన్ దగ్గరా బండి కిందా బలమైన లైటు పెట్టి లోపల కూర్చుని చూడండి. వెలుతురు కనబడిన ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. క్లచ్, బ్రేకు పెడళ్లకు రబ్బరు బూటు, స్టీరింగ్ కాలమ్ కన్నానికి రబ్బరు డయాఫ్రమ్, గేర్ రాడ్డుకు రెండు పొరల బూటు, వైర్లు దాటే ప్రతి కన్నానికీ గ్రోమెట్ (రబ్బరు రింగు) వేయాలి. పాత బోల్టు కన్నాలు మూయడానికి రేకు ముక్క, సీలెంట్. ఎక్స్‌పాండింగ్ ఫోమ్ స్ప్రే వాడకండి. అది నీళ్లు పీల్చుకుని రేకును తినేస్తుంది.

తలుపు చుట్టూ బోలు రబ్బరు బీడింగ్ కొత్తది వేయండి. పది రూపాయల నోటు బీడింగ్ మీద పెట్టి తలుపు మూసి లాగితే కాస్త పట్టినట్టు రావాలి. తేలిగ్గా జారితే అక్కడ కీలు సర్దాలి, లేదా మందమైన బీడింగ్ వేయాలి. అద్దం జారే ఫెల్ట్ గాడులు మార్చడం మర్చిపోవద్దు, అద్దం గడగడ సగం అక్కడే పోతుంది.

కేబిన్ ఇంత బిగుతుగా చేశాక సైలెన్సర్, మానిఫోల్డ్ (ఇంజన్ పొగ బయటికొచ్చే గొట్టం) గ్యాస్కెట్ లీకులు ప్రాణం మీదికి తెస్తాయి. పొగ లోపలికి చేరితే ఇదివరకటిలా బయటికి పోయే దారి ఉండదు. లీకు ఉందేమో చూసి బాగు చేశాకే సందులు మూయండి. బయటి గాలి కోసం మూత ఉన్న చిన్న వెంటిలేటర్ ఒకటి ఉంచుకుని, దూర ప్రయాణంలో అరగంటకోసారి కొన్ని నిమిషాలు తెరవండి. పూర్తిగా మూసిన కేబిన్‌లో ఇద్దరు ముగ్గురు కూర్చుంటే ఊపిరి గాలికే మత్తొస్తుంది.

చప్పుడు: మూడు పొరలు, మూడు పనులు

ఒకే రకం షీటు మొత్తం పరిచేస్తే డబ్బు పోతుంది, బరువు పెరుగుతుంది, ఫలితం సగమే వస్తుంది. చప్పుడు రెండు రకాలు. వెడల్పాటి పలుచటి రేకు ఇంజన్ అదురుకు డప్పులా మోగేది ఒకటి. దాన్ని ఆపేది బ్యుటైల్ షీటు. గాలిలో నేరుగా వచ్చే ఇంజన్ రొద, టైర్ల హోరు రెండోది. దాన్ని ఆపేది బరువైన, కన్నాల్లేని, రేకుకు అంటుకోని పొర. ఈ రెంటికీ మధ్య ఫోమ్ ఉండాలి.

మొదటి పొర: అల్యూమినియం రేకు పొర ఉన్న 2 మి.మీ. బ్యుటైల్ షీటు. తారు షీటు చవక, కానీ ఎండలో పైకప్పు రేకు ముట్టుకోలేనంత కాలుతుంది. అప్పుడు తారు మెత్తబడి వాసనేస్తుంది, పైకప్పుకు వేసిందైతే ఊడి వేలాడుతుంది. అడుగున తప్పని పరిస్థితిలో వాడుకోవచ్చు, పైకప్పుకూ తలుపులకూ వద్దు. బ్యుటైల్ కూడా రేకు మొత్తం కప్పనక్కర్లేదు. రేకును వేళ్లతో తట్టి చూడండి. బాగా మోగే నడిమి భాగంలో సగం కప్పితే మోత చచ్చిపోతుంది. మడతలు, గాడులు ఉన్నచోట రేకు సహజంగానే బిర్రుగా ఉంటుంది, అక్కడ వేసినా పెద్ద తేడా ఉండదు.

అతికించే ముందు రేకును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడవాలి. కిరోసిన్‌తో తుడిస్తే సన్నటి నూనె పొర మిగిలి జిగురు పట్టదు. షీటును అడుగు, అడుగున్నర ముక్కలుగా కోసి, హీట్ గన్‌తో చేతికి వెచ్చగా తగిలేదాకా వేడిచేసి, మధ్య నుంచి అంచులకు చిన్న రోలర్‌తో గట్టిగా నొక్కండి. రేకు పొర మీదున్న గళ్ల అచ్చు చదునయ్యేదాకా నొక్కితేనే పని అయినట్టు. గాలి బుడగ మిగిలితే కత్తి మొనతో పొడిచి మళ్లీ రోల్ చేయండి. చేతికి తొడుగులు తప్పనిసరి, ఆ అల్యూమినియం అంచు బ్లేడులా కోస్తుంది.

రెండో పొర: మూసిన కణాల నైట్రైల్ రబ్బరు ఫోమ్, లేదా క్రాస్‌లింక్డ్ పాలీథీన్ ఫోమ్. పైకప్పుకు 10 మి.మీ., మిగతా చోట్ల 6 మి.మీ. ఇది చప్పుడు కంటే వేడికి ముఖ్యం. ఈ పొర మాత్రం ఖాళీ లేకుండా అంతటా ఉండాలి. అతుకులకు అల్యూమినియం టేపు వేయండి. సోఫాల్లో వాడే స్పంజిలాంటి ఫోమ్ కేబిన్‌లోకి రానివ్వకండి. అది చెమ్మ పీలుస్తుంది, డీజిల్ పీలుస్తుంది, నిప్పు అంటుకుంటే ఆపలేం.

మూడో పొర: చదరపు మీటరుకు 5 కిలోల బరువుండే మాస్ లోడెడ్ వినైల్, అంటే బరువు కోసం పొడి కలిపిన మందపాటి ప్లాస్టిక్ షీటు. అడుగుకు, ఫైర్‌వాల్‌కు (ఇంజన్‌కూ కేబిన్‌కూ మధ్య గోడ), వెనక గోడ కింది సగానికి చాలు. పైకప్పుకు వద్దు, అంత బరువును అక్కడ నిలబెట్టడం కష్టం. ఫోమ్ మీద దీన్ని వదులుగా పరచాలి, ముక్కల అతుకులు రెండంగుళాలు ఒకదాని మీదొకటి రావాలి. రేకుకు మరలతో బిగిస్తే అదురు మళ్లీ దానిలోకి పాకుతుంది. చిన్న కన్నం కూడా చాలా చప్పుడును వదిలేస్తుంది కాబట్టి పెడళ్ల చుట్టూ ఓపిగ్గా కొలిచి కోయండి.

లెక్కకు: ఆరడుగుల వెడల్పున్న మామూలు కేబిన్‌లో పైకప్పు 30 చదరపు అడుగులు, వెనక గోడ 22, అడుగు 22, ఫైర్‌వాల్ 16, రెండు తలుపులు కలిపి 20, మొత్తం 110 వస్తాయి. బ్యుటైల్ అందులో సగానికి 55 అడుగులు, ఫోమ్ 110, వినైల్ 50. కోతల్లో పోయేదానికి పదో వంతు కలిపి కొనండి. బరువు బ్యుటైల్ 17 కిలోలు, వినైల్ 23 కిలోలు, ఫోమ్ నాలుగైదు కిలోలు. మీ కేబిన్ కొలిచి ఈ అంకెలు మార్చుకోండి.

తలుపుల విషయంలో ఒకే జాగ్రత్త. అడుగు మడతలో నీళ్లు కారే చిన్న కన్నాలుంటాయి. షీటు వాటిని మూసేస్తే ఒక్క వానాకాలంలో తలుపు అడుగు ఊడొస్తుంది. బయటి రేకు లోపలి వైపు నడిమి భాగానికి బ్యుటైల్ వేసి, కింది రెండంగుళాలు ఖాళీగా వదిలి, అక్కడ క్యావిటీ వ్యాక్స్ (తుప్పు ఆపే మైనం స్ప్రే) కొట్టండి.

ఇంజన్ కవర్

407లోనూ సెమీ ఫార్వర్డ్ బండ్లలోనూ ఇంజన్ కవర్ కేబిన్‌లోకి పొడుచుకొస్తుంది. మొత్తం పనిలో ఎక్కువ ఫలితమిచ్చే చోటు ఇదే. డబ్బు తక్కువగా ఉంటే పైకప్పు, ఇంజన్ కవర్ చేసి మిగతావి తర్వాత చూసుకోవచ్చు. ఇంజన్ వైపు బ్యుటైల్ అతికించకూడదు, సెగకు కారిపోతుంది. అటువైపు అల్యూమినియం ముఖం ఉన్న 10 మి.మీ. ఫైబర్‌గ్లాస్ నీడిల్ మ్యాటును వెడల్పు వాషర్లు, రివెట్లతో బిగించాలి, అంచులు మడిచి నూనె లోపలికి పీల్చుకోకుండా చూడాలి. మానిఫోల్డ్ ఎదురుగా మ్యాటుకూ ఇనుముకూ మధ్య కనీసం రెండంగుళాల ఖాళీ ఉండాలి. లేకపోతే ఆ చోట అదనంగా రేకు షీల్డు పెట్టించండి. కేబిన్ వైపు ఫోమ్, దానిమీద వినైల్, పైన రెక్సిన్. కవర్ కూర్చునే అంచుకు వేడికి తట్టుకునే సిలికాన్ బీడింగ్ వేసి, క్లిప్పులు బిగుతుగా పట్టేలా సర్దండి. ఇక్కడ సందుంటే పైన వేసిన మూడు పొరలూ వృథా.

కంప్రెసర్, బ్రాకెట్

పాత డీజిల్ నెమ్మదిగా తిరుగుతుంది. కారు కిట్ తెచ్చి బిగిస్తే సిగ్నల్ దగ్గర చల్లదనం రాకపోవడానికి కారణం ఇదే. నిమిషానికి 550 తిరిగే ఐడ్లింగ్‌లో కంప్రెసర్‌కు 750 చుట్లకు తగ్గకుండా అందాలి. క్రాంక్ పుల్లీ 180 మి.మీ., కంప్రెసర్ పుల్లీ 130 మి.మీ. అయితే 550కి 760 చుట్లు వస్తాయి, 2,800 దగ్గర 3,880 దాకా వెళ్తాయి. అయిదు పిస్టన్లు, 138 సీసీ ఉండే సాండెన్ 508 తరహా కంప్రెసర్ ఈ వేగాలను హాయిగా తట్టుకుంటుంది, విడిభాగాలు దొరుకుతాయి, కంప్రెసర్‌ను పుల్లీతో కలిపి విడదీసే కరెంటు క్లచ్‌లు 12 వోల్టు, 24 వోల్టు రెండూ ఉన్నాయి. క్రాంక్ పుల్లీ చిన్నదైతే అదనపు గాడి ఉన్న పెద్ద పుల్లీని లేత్ మీద చేయించి బ్యాలెన్స్ చూసుకోవాలి. గాజువాక ఆటోనగర్‌లో ఈ పని చేసే లేత్ షాపులున్నాయి.

బ్రాకెట్‌కు 10 లేదా 12 మి.మీ. ఇనుప ప్లేటు కావాలి. బిగింపు ఇంజన్ బ్లాక్‌కే ఉండాలి. ఒక కాలు చాసిస్‌కు, ఒక కాలు ఇంజన్‌కు ఇస్తే ఇంజన్ ఊగినప్పుడల్లా బెల్టు లాగుడు మారి, చివరికి కంప్రెసర్ చెవి విరుగుతుంది. బ్లాక్ పోత ఇనుము, దానికి వెల్డింగ్ పెట్టొద్దు. ఉన్న బోల్టు కన్నాలనే వాడుకుని త్రికోణం ఆకారంలో ఆనింపు ఇవ్వండి. కంప్రెసర్ గ్యాస్ ద్వారాలు నేల వైపు తిరిగి ఉండకూడదు. పుల్లీల వరుసను పొడవాటి స్కేలు ఆనించి చూడండి, ఒక మి.మీ. మించి తేడా ఉంటే బెల్టు అంచులు అరిగి నల్లపొడి రాలుతుంది. బొటనవేలితో నొక్కితే పొడవు వైపు బెల్టు 10 నుంచి 12 మి.మీ. లోపలికి పోవాలి.

కండెన్సర్

గ్యాస్ వేడిని బయటికి వదిలే ఈ జాలీని స్థలం ఉంటే రేడియేటర్ ముందే పెట్టండి. చాసిస్ పక్కన ఫ్యాన్లతో వేలాడదీసే పద్ధతి ఉంది కానీ రోడ్డు దుమ్ము, వాన బురద నేరుగా కొట్టే చోట అది త్వరగా మూసుకుపోతుంది. పోర్టు రోడ్డు వైపు తిరిగే బండికైతే ఇక చెప్పక్కర్లేదు. 14 బై 22 అంగుళాల పారలల్ ఫ్లో కండెన్సర్ ఇలాంటి కేబిన్‌కు సరిపోతుంది. రేడియేటర్‌కు 20, 25 మి.మీ. దూరంలో ఉంచి, చుట్టూ ఖాళీని ఫోమ్ పట్టీతో మూయండి. మూయకపోతే గాలి పక్క దారుల్లో జారిపోతుంది. దాని ముందు 12 లేదా 14 అంగుళాల ఫ్యాన్ కావాలి. ఇంజన్ ఫ్యాన్‌కు ష్రౌడ్ (చుట్టూ ఉండే తొడుగు) లేకపోతే రేకుతో చేయించి పెట్టాలి.

అల్యూమినియం కండెన్సర్ ఇనుప బ్రాకెట్‌కు నేరుగా తగిలితే ఉప్పుగాలిలో ఆ తగిలిన చోటే తెల్లపొడి పట్టి కన్నం పడుతుంది. రబ్బరు బుష్‌లు, నైలాన్ వాషర్లు, స్టెయిన్‌లెస్ బోల్టులు వాడండి. కోటింగ్ ఉన్న కండెన్సర్ దొరికితే అదే తీసుకోండి. ఇదంతా చేసే ముందు రేడియేటర్‌ను విప్పి లోపలా బయటా శుభ్రం చేయించాలి. ఇప్పటికే వేడెక్కే ఇంజన్ ముందు కండెన్సర్ పెడితే అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

లోపలి యూనిట్, నీళ్ల గొట్టం

డ్యాష్ కింద యూనిట్‌ను నీళ్ల గొట్టం ఉన్న వైపు కొద్దిగా వాలేలా బిగించండి. విశాఖ గాలికి గంటకు లీటరు దాకా నీళ్లు రావడం మామూలే. గొట్టం లోపలి వ్యాసం 12 మి.మీ.కు తగ్గకూడదు, దారిలో ఎక్కడా పైకి లేవకూడదు, వీలైతే రెండు వైపులా రెండు గొట్టాలు వేయండి. చివర కేబిన్ అడుగు కింద సైలెన్సర్‌కు దూరంగా తేలాలి, అక్కడ బాతుముక్కులాంటి రబ్బరు వాల్వ్ పెడితే దుమ్ము, పురుగులు లోపలికి పోవు. పొరలన్నీ వేసే ముందు కాయిల్ ట్రేలో అర లీటరు నీళ్లు పోసి అన్నీ బయటికే పోతున్నాయో లేదో చూసుకోండి. ఈ పరీక్ష చేయకుండా మూసేసిన కేబిన్‌లో నీళ్లు వినైల్ కిందికి చేరి, వాసన వచ్చాక గానీ తెలియవు.

థర్మోస్టాట్ ప్రోబ్‌ను కాయిల్ రెక్కల మధ్య రెండు మూడు అంగుళాలు దూర్చాలి. గాలిలో వేలాడితే అది సమయానికి కంప్రెసర్‌ను ఆపదు, కాయిల్ మంచు గడ్డ కడుతుంది. తేమ ఎక్కువ కాబట్టి ఇక్కడ ఆ గడ్డ వేగంగా పేరుకుంటుంది.

హోస్‌లు, డ్రయర్

కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు 8 నంబరు హోస్, కండెన్సర్ నుంచి డ్రయర్ (గ్యాస్‌లోని చెమ్మ పీల్చే డబ్బా) మీదుగా ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌కు (ద్రవాన్ని కాయిల్‌లోకి సన్నగా వదిలేది) 6 నంబరు, కాయిల్ నుంచి తిరిగి కంప్రెసర్‌కు 10 నంబరు. ఆర్-134ఎ గ్యాస్‌కు పనికొచ్చే బ్యారియర్ హోస్ కావాలి, మామూలు రబ్బరు పైపు గోడల్లోంచి గ్యాస్ జారిపోతుంది. హోస్‌లు బండి మీదే పెట్టి, ఇంజన్ ఊగడానికి వీలుగా వంపు వదిలి, గుర్తు పెట్టాకే క్రింపింగ్ (చివరి ఫిట్టింగులు నొక్కి బిగించడం) చేయించండి. జాయింట్లలో వేసే రబ్బరు ఓరింగులు హెచ్‌ఎన్‌బీఆర్ రకం కావాలి. బిగించే ముందు కంప్రెసర్ ఆయిల్ రాసి, రెండు స్పేనర్లతో బిగించాలి. తిరిగొచ్చే 10 నంబరు హోస్‌కు నైట్రైల్ తొడుగు లేకపోతే అది చెమటపట్టి కేబిన్ అడుగును తడుపుతుంది.

డ్రయర్ అన్నిటికంటే ఆఖరున. నిలువుగా, బాణం గుర్తు ఎక్స్‌పాన్షన్ వాల్వ్ వైపు ఉండాలి. దాని మూతలు తీసి పెట్టేస్తే లోపలి గుళికలు మన గాలిలోని చెమ్మతోనే నిండిపోతాయి. మూత తీయడం, బిగించడం, వాక్యూమ్ పంపు పెట్టడం వెంటవెంటనే జరగాలి. మూతలు లేకుండా అల్మరాలో పడివున్న డ్రయర్‌ను ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. కంప్రెసర్‌కు వాడే పీఏజీ ఆయిల్‌ది కూడా ఇదే గుణం, తెరిచిన డబ్బా దాచుకుని మళ్లీ వాడకండి.

కరెంటు

12 వోల్టుల బండిలో కంప్రెసర్ క్లచ్ 4 ఆంపియర్లు, బ్లోయర్ 10 నుంచి 15, కండెన్సర్ ఫ్యాన్ 10 పైన, కలిపి 30 దాకా లాగుతాయి. పాత డైనమో ఉన్న బండి దీన్ని మోయలేదు. 65 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌కు మారాలి. 24 వోల్టుల బండికి 24 వోల్టుల సామానే కొనండి. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 వోల్టులు తీసే పద్ధతి వల్ల ఒక బ్యాటరీ ఎప్పుడూ ఆకలితో, రెండోది ఎక్కువ ఛార్జితో పాడవుతాయి. 12 వోల్టులకైతే బ్యాటరీ నుంచి 6 చదరపు మి.మీ. వైరు, బ్యాటరీకి అడుగు లోపే 40 ఆంపియర్ల ఫ్యూజు, క్లచ్‌కు, ఫ్యాన్‌కు, బ్లోయర్‌కు వేరువేరు రిలేలు. గ్యాస్ ఒత్తిడి హద్దు దాటితే కంప్రెసర్‌ను ఆపే ప్రెషర్ స్విచ్‌ను క్లచ్ రిలే దారిలో కలపాలి, దాన్ని తప్పించి నేరుగా కరెంటిచ్చి నడపకూడదు. ఎర్త్ వైరు పెయింటు గీకిన రేకుకు బిగించి, పైన గ్రీజు రాయండి.

వాక్యూమ్, గ్యాస్

ముందు డ్రై నైట్రోజన్‌తో 150 పీఎస్‌ఐ పెట్టి ప్రతి జాయింటుకూ సబ్బు నురగ రాసి చూడండి. అరగంట ముల్లు కదలకూడదు. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ వాడితే చెమ్మంతా లోపలికి పోతుంది. ఆక్సిజన్ సిలిండర్ అయితే అసలే వద్దు, అది నూనెతో కలిసి పేలుతుంది.

తర్వాత వాక్యూమ్ కనీసం గంట. ఇది ఇక్కడ తగ్గించకూడని పని. పదిహేను నిమిషాలకే ముల్లు ఆఖరికి చేరి అయిపోయినట్టు కనబడుతుంది కానీ గాలి పోయినంత త్వరగా చెమ్మ పోదు. 30 డిగ్రీల దగ్గర నీరు మరిగి ఆవిరవ్వాలంటే లోపలి ఒత్తిడి 32 మి.మీ. పాదరసం కంటే కిందికి దిగాలి, అక్కడ కొంతసేపు నిలవాలి. మైక్రాన్ గేజ్ ఉంటే 500 మైక్రాన్ల కిందికి తెచ్చి, పంపు ఆపి అరగంట చూడండి. ముల్లు మెల్లగా పైకి వచ్చి ఒకచోట ఆగితే చెమ్మ మిగిలింది, ఆగకుండా పెరుగుతుంటే లీకు ఉంది.

గ్యాస్ తూకం వేసి ఎక్కించండి. ఈ సైజు సిస్టమ్‌కు 700 నుంచి 900 గ్రాముల మధ్య పడుతుంది. మొదట 500 గ్రాములిచ్చి, ఇంజన్ 1,500 చుట్ల దగ్గర ఉంచి, తలుపులు తెరిచి, బ్లోయర్ పూర్తి వేగంలో పెట్టి, మిగతాది కొద్దికొద్దిగా చూసుకుంటూ ఇవ్వాలి. ఇంజన్ తిరుగుతున్నప్పుడు సిలిండర్‌ను తలకిందులు చేయకండి. ద్రవం నేరుగా వెళ్తే కంప్రెసర్ వాల్వులు విరుగుతాయి. 33 నుంచి 35 డిగ్రీల రోజున తక్కువ ఒత్తిడి వైపు 30 నుంచి 40 పీఎస్‌ఐ, ఎక్కువ ఒత్తిడి వైపు 200 నుంచి 250 రావాలి. కేబిన్‌లో ఏసీ గాలి వచ్చే జాలీ దగ్గర 10 నుంచి 14 డిగ్రీలు వస్తే ఈ ఊరి తేమకు అది మంచి పనితీరే. ఇంకా చల్లగా రావాలని గ్యాస్ పెంచుతూ పోతే ఎక్కువ వైపు ఒత్తిడి పెరిగి చల్లదనం తగ్గుతుంది. వంట గ్యాస్ కలిపిన చవక మిశ్రమాలు ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. కాయిల్ లీకైతే అది నేరుగా కేబిన్‌లోకే వస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

ఏం తప్పుతుంది, ఎందుకు

పది నిమిషాలు చల్లగా వచ్చి, తర్వాత వేడి గాలి, కాసేపు ఆపితే మళ్లీ చల్లన: చెమ్మ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ నోట్లో గడ్డకడుతోంది. డ్రయర్ మార్చి వాక్యూమ్ మళ్లీ పెట్టడమే మార్గం, గ్యాస్ ఎక్కించి ప్రయోజనం లేదు. గంట నడిచాక గాలి వేగం తగ్గి, ఆపాక కాళ్ల దగ్గర నీళ్లు కారితే కాయిల్ మంచు పట్టింది, థర్మోస్టాట్ ప్రోబ్ చూడండి. రోడ్డు మీద బాగుండి గాజువాక జంక్షన్‌లో ఆగగానే వేడెక్కితే కండెన్సర్ మీదికి గాలి చాలడం లేదు, లేదా పుల్లీ నిష్పత్తి తక్కువైంది. ఆగినప్పుడు ఎక్కువ వైపు ఒత్తిడి 300 దాటితే మొదటిది, రెండు వైపులా ముళ్లు దగ్గరకొస్తే రెండోది. పగలు చల్లదనం చాలక, రాత్రి హాయిగా ఉంటే పైకప్పు ఫోమ్ తక్కువైంది. పైకప్పుకు తెల్ల పెయింటు వేస్తే అదీ కొంత సాయం చేస్తుంది.

ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ వేడి ముల్లు మామూలు కంటే పైకి కదలగానే కంప్రెసర్ ఆపి బ్లోయర్ మాత్రం నడపండి. కూలంట్ వేడికి తెగిపోయే స్విచ్‌ను క్లచ్ రిలే దారిలో పెట్టుకుంటే డ్రైవర్ చూడకపోయినా అదే ఆపుతుంది.

సముద్రం పక్కన తిరిగే బండికి నెలకోసారి కండెన్సర్‌ను మంచినీళ్లతో, మామూలు పైపు ధారతో ముందు నుంచీ వెనక నుంచీ కడగాలి. ప్రెషర్ వాషర్ రెక్కలను వంచేస్తుంది. బండి నిలిపి ఉంచే రోజుల్లోనూ వారానికోసారి పది నిమిషాలు ఏసీ నడపండి. నూనె తిరగకపోతే కంప్రెసర్ షాఫ్ట్ సీల్ ఎండిపోయి అక్కడి నుంచే గ్యాస్ పోతుంది. తొలి వానలు పడ్డాక ఒకసారి అడుగు మ్యాటు మూలలు ఎత్తి వినైల్ కింద చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే ముందు అద్దం బీడింగ్, తర్వాత నీళ్ల గొట్టం, ఆ వరుసలో వెతకండి.